పదిహేను వందల గంటలు

ఆ ఫ్యాక్టరీలో ఆమెను అందరూ గంటలమ్మ అనేవారు. గంటలకొద్దీ కబుర్లు చెబుతుందని కాదు. ఆమె నోట్లోంచి రోజుకు పది మాటలు రాలితే గొప్పే. ఇళ్లలో వాడుకునే చిన్న కుట్టుమిషన్లు అక్కడ తయారవుతాయి. మిషన్లో మోటారు నుంచి చక్రానికి ఒక సన్నటి రబ్బరు బెల్టు తిరుగుతుంది. ఆ బెల్టు ఎన్ని గంటలు తట్టుకుంటుందో చూసి పుస్తకంలో రాయడం ఆమె ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా అదే పని.

పరీక్షగది మెట్ల కింద ఉండేది. చప్పుడు బయటికి పోకుండా తలుపుకి మందపాటి స్పాంజి అంటించారు. లోపల నాలుగు మిషన్లు గుడ్డా దారమూ లేకుండా రాత్రింబవళ్లు ఉత్తినే తిరుగుతుండేవి. మధ్యాహ్నం వాటి ముందే క్యారియర్ విప్పుకుని తినేది. అమ్మ పోయాక ఇంట్లోనూ పలకరించే దిక్కు లేదు. ఆదివారాలు అన్నయ్య ఫోన్ చేసేవాడు. "బాగున్నావా?" అంటే "ఆఁ" అనేది. "సరే, వదిన పిలుస్తోంది" అని పెట్టేసేవాడు.

ఆ ఏడాది డ్రాయింగ్ సెక్షన్లో ఒక అమ్మాయి కొత్తగా చేరింది. చిన్న పెట్టెలో ఇమిడే మిషను కావాలని మేనేజరు అడిగితే, మోటారుకి బెల్టు తగిలించే పది మిల్లీమీటర్ల బుల్లి పుల్లీ గీసి పంపింది. అదే ఆ పిల్ల మొదటి డ్రాయింగు. బెల్టు పదిహేను వందల గంటలు నిలవాలి. ఆరువందల పదో గంటకే తెగింది. కబురు అందగానే ఆ అమ్మాయి పై నుంచి పరుగెత్తుకొచ్చింది.

"అదెలా తెగుతుందండీ? లెక్కంతా సరిగ్గానే వేశానే!"

గంటలమ్మ తెగిన ముక్కను వేళ్ల మధ్య వంచి చూపించింది. బెల్టు పొడవునా సన్నటి అడ్డగీతలు నోళ్లు తెరిచాయి.

"పుల్లీ మరీ చిన్నదమ్మా. తిరిగిన ప్రతిసారీ దీని నడుం విరుగుతోంది."

"నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతుంది?"

"వేలల్లో."

"అయ్యో, పాపం!" అంది ఆ పిల్ల, బెల్టుని చూసి. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ గదిలో ఇద్దరు నవ్వి ఎన్నేళ్లయిందో గంటలమ్మకి గుర్తులేదు.

మర్నాటి నుంచి మధ్యాహ్నాలు ఆ అమ్మాయి తన క్యారియర్ పట్టుకుని కిందికొచ్చేది. తినడం తక్కువ, వాగడం ఎక్కువ. అద్దె గది యజమానురాలి పిసినారితనం, తమ్ముడి చదువు, మేనేజరు గురక, ఒకటా రెండా. "అక్కా" అని పిలిచేది. ఫ్యాక్టరీలో ఆమెను అలా పిలిచినవాళ్లు లేరు. గంటలమ్మ కూర కాస్త ఎక్కువ తేవడం మొదలుపెట్టింది.

పని కూడా సాగింది. పుల్లీని పద్నాలుగు మిల్లీమీటర్లు చేశారు. కుట్టు వేగం మారకూడదంటే అవతలి చక్రాన్నీ అదే వంతున పెంచాలి. పెంచితే పెట్టె మూత పడలేదు. మోటారుని వేలెడు పక్కకి జరిపితే మూత పడింది కానీ బెల్టు అంచుకి జారిపోసాగింది.

"పుల్లీ మధ్యలో వెంట్రుకవాసి ఉబ్బుగా చెయ్యి" అంది గంటలమ్మ.

"ఉబ్బు మీంచి ఇంకా జారిపోదూ?"

"పోదు. బెల్టు ఎప్పుడూ ఎత్తువైపే ఎక్కుతుంది. ఎందుకో నన్నడక్కు. చూశాను, అంతే."

ఆమె అన్నట్టే అయింది. కొత్త పుల్లీలతో నాలుగు మిషన్లూ కుదురుగా తిరిగాయి. మూడువందల గంటలు, ఆరువందల గంటలు. చూడ్డానికేమీ లేకపోవడంతో ఆ అమ్మాయి రోజు విడిచి రోజు రాసాగింది. తర్వాత పైన ఇంకో పని అప్పజెప్పారు. ఇక రాలేదు.

పదకొండు వందల గంటలు దాటేసరికి ఆ పిల్ల చివరిసారి అక్కడ అడుగుపెట్టి పద్నాలుగు రోజులు. గంటలమ్మ తలుపు ఓరగా తీసి ఉంచి, మెట్లమీద ఎవరి చెప్పుల చప్పుడైనా తల ఎత్తేది. మిగిలిన కూర సాయంత్రం పారబోసేది. బెల్టు తెగితేనే కదా ఆ పిల్లకి ఇక్కడ పని!

ఒక సోమవారం మధ్యాహ్నం మోటారుకి వేసే నూనెడబ్బా అందుకుంది. రబ్బరుకి నూనె విషమని ఆ ఫ్యాక్టరీలో ఆమెకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. మూడో మిషను ఆపి, బెల్టు మీద రెండు చుక్కలు వేసింది. వెంటనే గుడ్డతో గబగబా తుడిచింది. అప్పటికే రబ్బరు తాగేసింది.

బుధవారం పొద్దున బెల్టు ఉబ్బి, సాగి, పుల్లీ మీంచి ఊడి పడి ఉంది. ఆమె పైకి ఫోన్ చేసింది. మెట్లమీద ఆ పరుగు వినగానే ప్రాణం లేచొచ్చింది. అలా లేచొచ్చినందుకు మరుక్షణమే సిగ్గేసింది.

"పదకొండు వందల నలభై రెండు! ఇంకాస్తే కదక్కా!" ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. భూతద్దం పెట్టి చూసింది. "ఇది అరిగి పోయింది కాదు. ఉబ్బింది. రబ్బరే కల్తీ! బెల్టులు పంపే ముసలాయన మనల్ని ముంచాడు. సరుకంతా తిప్పి పంపమని మేనేజరుకి చెప్తాను."

ఆ ముసలాయన తన సొంత షెడ్డులో బెల్టులు అచ్చుపోసి, సైకిల్ మీద తనే తెచ్చి ఇచ్చేవాడు. ఇన్నేళ్లలో ఒక్క చెత్త బెల్టు ఇవ్వలేదు.

"ఆగు. ఆయన తప్పేం లేదు. నేనే నూనె పోశాను."

"చెయ్యి జారిందా?"

జారిందంటే అక్కడితో పోయేది.

"జారలేదు. పోశాను."

"ఎందుకు?"

"నువ్వు రావట్లేదని."

మిగిలిన మూడు మిషన్లూ తిరుగుతూనే ఉన్నాయి. "అది నా మొదటి డ్రాయింగు" అంది ఆ అమ్మాయి చాలా మెల్లగా. భూతద్దం బల్లమీద పెట్టేసి వెళ్లిపోయింది.

గంటలమ్మ ఉన్నదున్నట్టు పుస్తకంలో రాసి మేనేజరుకి చూపించింది. ఆయన రెండుసార్లు చదివాడు. "ఇన్నేళ్లలో మీమీద ఒక్క మాట రాలేదు. మీకిదేం బుద్ధమ్మా?" అన్నాడు. హెచ్చరిక కాగితం ఇచ్చి, పరీక్ష మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టమన్నాడు.

పదిహేను వందల గంటలంటే అరవై రెండు రోజుల పైమాట. అంకెలు రాసుకోవడానికి పై నుంచి రోజూ ఎవరో ఒకరు వచ్చేవారు. ఆ అమ్మాయి రాలేదు. గంటలమ్మ కూర తనకు సరిపడా తెచ్చుకుంది. నూనెడబ్బాని మోటార్లు చూసే మెకానిక్‌కి అప్పజెప్పేసింది.

చివరిరోజున నాలుగు బెల్టులూ నిలిచాయి. సంతకం పెట్టడానికి ఆ అమ్మాయే వచ్చింది. ఒక్కో బెల్టూ తీసి వంచి చూసింది. గీత కూడా లేదు. సంతకం చేసి తలుపుదాకా వెళ్లి ఆగింది.

"ఒక్క ఫోన్ చేసుంటే వచ్చేదాన్ని కదా."

"ఏమని చెయ్యను?"

"భోజనానికి రమ్మని."

తలుపు వేసుకుపోయింది.

ఆ మాట గంటలమ్మను చాలా రోజులు తినేసింది. ఎవర్నీ ఎందుకూ పిలిచిన అలవాటు లేదు. ఫోన్ మీద చెయ్యి వేసేది, తీసేది. ఒకసారి ఎవరో మగాయన ఎత్తితే పెట్టేసింది. చివరికి ఒక గురువారం ఆ పిల్లే ఎత్తింది.

"నేనే. భోజనానికి... వస్తావేమోనని."

"ఇవాళ కుదరదు. శనివారం చూస్తాను" అంది.

శనివారం ఆలస్యంగా వచ్చింది. పావుగంట కూర్చుంది. మునుపట్లా వాగలేదు. కూర బాగుందంది, తమ్ముడు పరీక్ష తప్పాడంది. అక్కా అని మాత్రం పిలవలేదు. గంటలమ్మ కూడా గుచ్చి గుచ్చి అడగలేదు. వెళ్లేటప్పుడు మళ్లీ ఎప్పుడొస్తుందో ఆ పిల్ల చెప్పలేదు. గంటలమ్మ గిన్నెలు కడిగి బోర్లించి, పుస్తకం తెరిచి, కొత్త బెల్టుకి నూట పన్నెండో గంట రాసింది.