దిష్టిబొమ్మకు వచ్చిన సర్టిఫికెట్

ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో సిరాజుద్దీన్ ఎకనామిక్స్ చెప్పేవాడు. పుట్టినప్పటి నుంచి చూపు లేదు. పాఠం చెప్పడానికి ఆ లోటు ఎన్నడూ అడ్డం రాలేదు. వెనక బెంచీలో శనక్కాయలు వొలుస్తున్నది ఎవరో తొక్క చప్పుడును బట్టి పేరు పెట్టి పిలిచేవాడు. అట్లాంటి మనిషికి ఆ ఏడు ఒక పీకులాట వచ్చిపడింది.

చూపు లేని పిల్లలకూ, వినిపించని పిల్లలకూ కంప్యూటర్లో పాఠాలు ఎట్లా అందించాలో లెక్చరర్లంతా ఆన్‌లైన్‌లో నేర్చుకోవాలట. శనివారం సాయంత్రం ఐదు లోపల సర్టిఫికెట్ తెచ్చినవాళ్లకే ఇకమీదట ఉద్యోగం. ప్రిన్సిపాల్ కాశీవిశ్వనాథం కాగితం మనిషి. బయట వాన పడుతోందన్నా సర్క్యులర్ ఏదని అడిగే రకం.

సిరాజు మొదట సంబరపడ్డాడు. ఇది నాకు కాక ఇంకెవరికి తేలిక అనుకున్నాడు. తీరా తెరిస్తే మొదటి పాఠంలో పిల్లనగ్రోవి మోగింది. రెండో పాఠంలోనూ పిల్లనగ్రోవే. అక్షరాలన్నీ తెర మీద పోతుంటాయి, చదివి చెప్పే గొంతు లేదు. చూపు లేనివాళ్లకు ప్రతిదీ మాటల్లో చెప్పాలన్న సంగతిని ఆ పాఠం ఒక్క మాట మాట్లాడకుండా చెబుతోంది. పావుగంటకొకసారి మాత్రం నోరు విప్పుతుంది: "మీ చూపు తెరపై లేదు. శిక్షణ మళ్లీ మొదటికి వెళుతోంది."

కంప్యూటర్‌కున్న కెమెరా మనిషి కళ్లను కాపలా కాస్తోందన్నమాట. సిరాజు ఆ పాఠాలు తయారుచేసిన కంపెనీకి ఫోన్ చేశాడు.

"నాకు చూపు లేదు సార్."

"అదే కదండీ అది చెబుతోంది!" అన్నాడు అవతలివాడు. "కాస్త తెర వైపు చూడండి, సరిపోతుంది."

బుధవారం అయిదుసార్లు మొదటికి వెళ్లింది. గురువారం తొమ్మిదిసార్లు. శనివారం మధ్యాహ్నానికి ఇంటి ఓనరమ్మ ప్రమీలమ్మ లోపలికి వచ్చింది. ఆమె చదివింది మూడో తరగతి. కానీ పెండ్లికి పోయివచ్చి చెప్పిందంటే, ఎవరి మెడలో ఏ హారమో, ఎవరి చీరకు ఏ అంచో, పోనివాళ్లకు భోజనం చేసివచ్చినంత తృప్తి.

"ఏంది నాయనా, మూడు దినాల నుంచి ఆ ఊదుడు? పెండ్లి ఏమన్నా పెట్టుకుంటాండావా?"

సిరాజు జరిగింది చెప్పాడు. "ఐదు దాటితే ఉద్యోగం పోతాది అవ్వా."

ఆమె ముక్కున వేలేసుకుంది. తర్వాత మిద్దెక్కింది. పైన కొత్తగా కట్టిస్తున్న గదికి వేలాడదీసిన దిష్టిబొమ్మను విప్పుకొచ్చి, కెమెరా ముందర కుర్చీకి కట్టింది.

"దీని కండ్లు ఒక్కోటి అప్పడమంత ఉండాయి సిరాజూ. మీసాలు, బయటికి నాలిక. ఇది రెప్ప కొడితే నన్నడుగు."

"మీ శ్రద్ధ అమోఘం," అంది కంప్యూటర్.

పక్కన కూర్చుని ప్రమీలమ్మ అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. బొమ్మలు వస్తే మాత్రం తడబాటే లేదు. "ఒగ ఆడపిల్ల కంప్యూటర్ ముందర నవ్వుతాంది. మెడలో సన్న గొలుసు, ఒగ తులం ఉంటే ఎక్కువ. ఒగ చేతికే గాజులు. రెండో చెయ్యి బోడి. ఏం కష్టమొచ్చిందో పాపం." ఆమె చెబుతూ పోయింది, జవాబులు సిరాజు ఇచ్చుకుంటూ పోయాడు. ఐదుకు పది నిమిషాలుండగా సర్టిఫికెట్ వచ్చింది. పేరు సిరాజుద్దీన్. కెమెరా తీసి అంటించిన ఫోటో దిష్టిబొమ్మది.

సోమవారం ప్రిన్సిపాల్ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"సర్టిఫికెట్ సరిగ్గానే ఉండాదప్పా. ఫోటోలో ఉన్నది నువ్వు కాదు."

"పేరు నాదే కదా సార్."

"ఒగ పేరు ఇద్దరికి ఉండదా? మొగం ముఖ్యం. ఉద్యోగం ఆయనకే ఇయ్యాల."

"ఆయన దిష్టిబొమ్మ సార్!"

"అయితే ఏమి? సర్టిఫికెట్ ఉండాది. నీకు అదీ లేదు."

ఆర్డరు వచ్చింది. బొమ్మ లెక్చరర్ కుర్చీలో కూర్చుంది. దాన్ని మోసుకొచ్చే సహాయకుడిగా సిరాజు జీతం లేకుండా నిలబడి పాఠం చెప్పాడు. ఆ కళ్లకు జడిసి క్లాసులో ఒక్క శనక్కాయ కూడా పగల్లేదు. సిరాజుకు క్లాసు ఖాళీగా ఉన్నట్టే అనిపించింది.

పదిహేను రోజులకు కంపెనీ నుంచి బొమ్మ పేరిట ఉత్తరం వచ్చింది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల కాలేజీలన్నిటిలో రెప్ప వేయకుండా శిక్షణ చూసినవారు తమరొక్కరే, దీన్ని బాగుచేయడానికి సలహాలివ్వండి అని.

బొమ్మ తరఫున సిరాజు జవాబు రాయించాడు. తెర మీద ఉన్నదంతా గొంతుతో చెప్పండి. కళ్లకు కెమెరా కాపలా తీసేయండి. పాఠం బయటికి వదిలేముందు చూపులేని మనిషిని కూర్చోబెట్టి నడిపించి చూడండి. ప్రమీలమ్మ ఊరుకోక, ఆ పిల్ల రెండో చేతికీ గాజులు వేయండి అని చేర్పించింది.

కంపెనీవాళ్లు గాజులు వెంటనే వేశారు. మిగతా మూడూ చేయడానికి నెల పట్టింది.

ఈసారి సిరాజు ఒక్కడే కూర్చుని, గంటన్నరలో, తన సొంత మొగంతో సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు.

"బాగుండాది," అన్నాడు ప్రిన్సిపాల్. "కానీ ఖాళీ యాడుండాదప్పా?"

మరునాడు ప్రమీలమ్మ కాలేజీకే వచ్చేసింది. "నా బొమ్మ నాకియ్యి సారూ. మిద్దెకు దిష్టి తగులుతాంది. మొన్న సిమెంటు తడిసె, ఈ పొద్దు మేస్త్రీ నిచ్చెన మీద నుంచి జారె."

"నడిమధ్యలో పంపియ్యలేనమ్మా. రాజీనామా కావాల."

"రాయి. నేను యేలిముద్ర యేస్తా."

"నీకు సంతకం వచ్చు కదమ్మా?"

"నాకొచ్చు. దానికి రాదు కదా!"

ప్రిన్సిపాల్‌కు ఆ మాట సబబుగా తోచింది. సత్ప్రవర్తన కలిగి సేవలందించెనని కాగితం రాసి బొమ్మను సాగనంపాడు. ఆ ఖాళీలో సిరాజుకు ఆర్డరు ఇచ్చాడు.

మరునాడు మొదటి గంట. సిరాజు కుర్చీలో కూర్చుని పాఠం మొదలుపెట్టాడు. పదినిమిషాలు చడీచప్పుడూ లేదు. సిరాజు వెనక బెంచీ వైపు చెవి ఒగ్గాడు. అప్పుడు వెనక బెంచీలో పటుక్కుమని ఒకటి పగిలింది.

"నాసిర్!" అన్నాడు సిరాజు, మొగమంతా వెలిగిపోతుండగా. "ఇటు కూడా నాలుగు పంపురా."