పన్నెండో ముఖం

రేవు నుంచి బట్టల మూటలు రాగానే లాండ్రీ ఆయన చేసే మొదటి పని, ఒక్కో జేబూ బయటికి తిరగేసి చూడటం. ఓడల్లో పనిచేసేవాళ్ళ జేబుల్లో దొరకని వస్తువు లేదు. ఉత్తరాలు, దువ్వెనలు, ఒకసారైతే కట్టుడుపళ్ళ సెట్టు. నాణేలు మాత్రం ప్రతి మూటలోనూ ఉండేవి. వాటిని కౌంటర్ మీద గాజు గిన్నెలో వేసేవాడు. అడిగినవాళ్ళకు ఇచ్చేసేవాడు. ఎవరూ అడక్కపోతే, అదృష్టం బాగుండి కావలసిన ఏడాదివైతే, తీసి పక్కన పెట్టేవాడు.

ఆయనకు కావలసిన ఏడాదులు రెండు, తనదీ చెల్లెలిదీ. ఇద్దరూ కవలలే. కాకపోతే ఆయన డిసెంబరు ముప్ఫై ఒకటిన, పన్నెండు కొట్టడానికి పది నిమిషాల ముందు పుట్టాడు. ఆమె తీరిగ్గా పన్నెండు దాటాక పుట్టింది. "ఒక్క కాన్పుకి రెండేళ్ళు పట్టింది నాకు" అని వాళ్ళమ్మ బతికున్నంతకాలం చెప్పుకునేది.

పుట్టిన ఏడాది నాణేలు పోగుచెయ్యడం ఆ ఊళ్ళో అందరూ చేసేదే. దేశానికొకటి, మనిషి ముఖం ఉన్నవి పన్నెండు, ఒక చిన్న పెట్టెలో గుంటకొకటి చొప్పున. పదమూడోది పెట్టినా లాభం లేదు. మనకో బాధ వస్తే, పెట్టెలో ఖాళీగా ఉన్న ముఖం ఏదో ఒకటి దాన్ని తీసేసుకుంటుంది. ఒక ముఖానికి ఒకటే బాధ. లాండ్రీ ఆయన పెట్టెలో ఒక దీవి రాణిగారికి పంటినొప్పితో దవడ వాచింది. ఇంకో దేశపు సేనాధిపతికి నున్నగా బట్టతల వచ్చింది. ఈయనకేమో యాభై ఎనిమిదేళ్ళకు కూడా దువ్వెన విరిగేంత జుట్టు. డాక్టరు గారు నాడి చూసే ముందే "పెట్టె తెచ్చారా?" అని అడిగేవాడు.

ఆయన పెట్టె ఎప్పుడో నిండింది. చెల్లెలి పెట్టెలో పదకొండే. ఆమెకు గడియారాలు బాగుచేసే షాపు ఉంది. వెంట్రుక కన్నా సన్నటి స్ప్రింగును ఊపిరి బిగబట్టి కూర్చోబెట్టగలదు. ఆదివారం మధ్యాహ్నం క్యారియర్ పట్టుకుని బస్సు దిగేది. అన్నం తిన్నాక ఇద్దరూ గిన్నె బల్ల మీద బోర్లించి, ఆమె భూతద్దంతో ఒక్కో నాణెం మీదా ఏడాది వెతికేవాళ్ళు. పెళ్ళి చేసుకోని ఆ అన్నకు వారంలో మాటలంటూ ఉన్నది ఆ ఒక్క పూటే. మిగతా ఆరు రోజులూ గుండీల గురించీ మరకల గురించీ తప్ప ఎవరూ ఆయనతో మాట్లాడేవారు కాదు.

అయిదేళ్ళ కిందట ఒక కోటు జేబులో ఆమె ఏడాది నాణెం దొరికింది. ఏదో కొండల దేశపు రాజు, మెలితిప్పిన మీసం, ఏ బాధా ఎరగని ముఖం. ఆమె దగ్గర లేని దేశం. ఆదివారం ఇద్దామని చొక్కా జేబులో వేసుకున్నాడు. తీరా ఆదివారం ఆమె గిన్నె బోర్లించి "ఇవాళ దొరక్కపోతే నీ పని చెప్తా అన్నయ్యా" అని నవ్వుతుంటే, చెయ్యి జేబు దాకా వెళ్ళి ఆగింది. ఇది ఇస్తే పెట్టె నిండిపోతుంది. నిండిన తర్వాత ఇంత దూరం ఎందుకొస్తుంది? వచ్చే వారం ఇద్దాంలే అనుకుని నాణేన్ని గంజిపొడి డబ్బాలో పడేశాడు. ఆ వచ్చే వారం రెండేళ్ళయినా రాలేదు.

మూడో ఏడు ఆమె కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. పదకొండు ముఖాలూ దేని బాధ అది మోస్తున్నాయి. కొత్తగా వచ్చిన వణుకుకు పోవడానికి చోటు లేక ఆమె చేతిలోనే ఉండిపోయింది. మరలు జారి పడేవి. పాత ఖాతాదారులు మొహమాటానికి రెండుసార్లు వచ్చి, మూడోసారి వేరే షాపు చూసుకున్నారు. లాండ్రీ ఆయనకు అంతా తెలుసు. అప్పుడైనా ఇవ్వాల్సింది. నిన్ననే దొరికిందని ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని, ఆదివారాలు మాత్రం లెక్కగా అనుభవించాడు. పోయినేడు ఆమె షాపు మూసేసింది.

ఒక ఆదివారం ఆమె క్యారియర్‌తో పాటు పనిముట్ల పెట్టె కూడా మోసుకొచ్చింది.

"ఇదెందుకు?" అన్నాడాయన.

"రేపు పాత సామాన్లవాడికి ఇచ్చేస్తున్నా. నీకు పనికొచ్చేవి ఏమన్నా ఉంటే తీసుకో. పట్టకార్లు మంచివి."

"అమ్మడమెందుకు? ఉండనీ."

"ఉంచుకుని ఏం చెయ్యను, చూస్తూ ఏడవనా?" అంటూ టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకుంది. అయినా సగం టీ బల్ల మీదే పోయింది. అన్నయ్య చూడకముందే కొంగుతో తుడవబోయింది.

ఆయన లేచి వెళ్ళి గంజిపొడి డబ్బాలో చెయ్యి పెట్టాడు. తెల్లగా పొడి అంటుకున్న నాణేన్ని తుడిచి ఆమె ముందు పెట్టాడు. ఆమె భూతద్దంతో ఏడాది చూసుకుంది. సంచిలోంచి తన పెట్టె తీసి, పన్నెండో గుంటలో దాన్ని పెట్టింది. కొండల దేశపు రాజు మీసం కొసలు మెల్లగా అదిరాయి. కాసేపటికి నాణెమే గుంటలో గలగలలాడింది. ఆమె కుడిచెయ్యి బల్ల మీద కదలకుండా పడి ఉంది.

వేళ్ళు ముడిచి, మళ్ళీ చాచి చూసుకుంది. తర్వాత అడిగింది.

"ఎప్పుడు దొరికింది?"

నిన్న అనే మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. కానీ ఆ చెయ్యి చూశాక అనలేకపోయాడు.

"అయిదేళ్ళయింది."

"షాపు మూసింది పోయినేడు" అందామె, తనకు తనే చెప్పుకున్నట్టు. "ఎందుకు?"

"పెట్టె నిండితే రావడం మానేస్తావని."

"నేనొచ్చేది నాణెం కోసమనుకున్నావా? అది దొరకదని ఎప్పుడో వదిలేశాను."

"మరి ప్రతి వారం గిన్నె బోర్లించి వెతికేదానివి కదమ్మా?"

"వెతికే పని ఒకటుంటే నీకు కాస్త ఊసుపోతుందని" అంది. "నీకోసం వెతికాను అన్నయ్యా. ఉత్తినే రమ్మన్నా వచ్చేదాన్ని."

ఆయన క్షమించమని అనలేదు. అనడానికి ముఖం చెల్లలేదు. ఆమె తన నాణేల పెట్టె, పనిముట్ల పెట్టె రెండూ తీసుకుని బస్సెక్కింది. క్యారియర్ మర్చిపోయింది, లేదా వదిలేసింది.

తర్వాతి ఆదివారం రాలేదు. ఆ తర్వాతదీ అంతే. పెద్ద బజారులోని గడియారాల షోరూములో ఆమెకు పని దొరికిందనీ, ఓడల కెప్టెన్లు ఆమె కోసమే అక్కడికి వస్తున్నారనీ బట్టలివ్వడానికొచ్చినవాళ్ళు చెప్పారు. ఆయన సంతోషించాడు. ఆదివారం గిన్నె మాత్రం బోర్లించలేదు.

ఏడో వారం, బుధవారం పూట లాండ్రీకి తాళం వేసి బజారుకు వెళ్ళాడు. కౌంటర్ వెనక ఆమె కంటికి భూతద్దం పెట్టుకుని ఉంది. తలెత్తి చూసింది. భూతద్దం తియ్యలేదు.

"చెప్పండి" అంది.

యాభై ఎనిమిదేళ్ళలో ఆమె ఆయన్ని 'అండి' అనడం అదే మొదటిసారి. ఆయన చేతి గడియారం విప్పి కౌంటర్ మీద పెట్టాడు. ఆమె చెవి దగ్గర పెట్టుకుని విన్నది.

"బాగానే నడుస్తోందే."

"ఒకసారి చూడండి" అన్నాడు. ఆయన నోటికీ అదే వచ్చింది.

ఆమె చీటీల పుస్తకం దగ్గరకు లాక్కుంది. "పేరు?"

చెప్పాడు. ఆమె రాసుకుంది. ఒక్క అక్షరం కూడా వంకర పోలేదు.

"ఎప్పుడు రమ్మంటారు?"

ఆమె చీటీ చింపి, దాని మీద ఏదో రాయబోయి ఆగింది. షోరూముకు ఆదివారం సెలవని తలుపు మీదే రాసి ఉంది.

"ఆదివారం," అని చీటీ ఆయన చేతిలో పెట్టింది. "మా ఇంటికి."