చుక్క కారని గోడ

మూడు రోజులుగా వాన తెరిపి ఇవ్వడం లేదు. కొండవాలు మీద ఇళ్లకు అనుమతులిచ్చే ఆఫీసులో నేను సర్వేయర్ని. వానల్లో వీధివీధీ తిరిగి గోడలు చూడడం కూడా నా నెత్తినే ఉంది. పొద్దున్నుంచీ అందరి గోడలూ చూశాను, అక్క వాళ్లది మాత్రం చివరికి అట్టేపెట్టాను. మనసులో భయం ఉంటే కాళ్లు చుట్టుదారే పడతాయి.

అక్క ఇల్లు పై రోడ్డుకు ఆనుకుని ఉంది. ఇంటి వెనక మట్టిని ఆపడానికి పదిహేను అడుగుల గోడ, ఆ గోడ కింద టైలర్ ఇల్లు. మట్టిలో చేరిన నీళ్లు బయటికి పోవడానికి గోడలో పైపులుంటాయి. ఆ పూట వీధిలో గోడలన్నిటికీ పైపులు ధారగా కారుతున్నాయి. అక్క గోడకు ఒక్క చుక్క రావడం లేదు. మధ్యలో గోడ కడుపు ముందుకొచ్చింది.

పరుగున పైకెళ్లాను.

"అక్కా, పైపులేమయ్యాయి?"

"మూయించేశాంరా. ఎర్రనీళ్లు కారి కొత్త రంగంతా చారలు చారలైపోతోంది. సిమెంటు కొట్టించాక చూడు, ఎంత నీటుగా ఉందో!"

నాకు ఒళ్లు మండిపోయింది. "నీటుగా ఉందా? లోపల నీళ్లన్నీ ఎక్కడికి పోతాయనుకున్నావ్? బట్టలు సర్దండి, ఇప్పుడే బయటికి నడవాలి."

బావ పేపరు దించలేదు. "నువ్వు కొలిచి సంతకం పెట్టిన స్థలమేగా, బావమరిదీ! ఇప్పుడు మా మీద ఎగురుతావేం?"

ఆ కొలత సంగతి చెప్పాలి. నాలుగడుగులకు ఒక అడుగు మించి దిగే వాలు మీద ఇల్లు కట్టకూడదు. పై హద్దు నుంచి కింది హద్దు దాకా కొలిచి లెక్క వేస్తాం. తొమ్మిదేళ్ల కిందట నేను కొలకర్రను పై హద్దు దగ్గర కాకుండా రోడ్డు అవతలి అంచున పెట్టాను. ముప్పై అడుగుల చదునైన రోడ్డు కలిసేసరికి వాలు తగ్గి, కాగితం మీద అంతా సవ్యంగా కనిపించింది. అద్దె ఇళ్లు మారి మారి విసిగిపోయిన అక్క బతిమాలింది, కాదనలేకపోయాను. లంచం తినలేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

వెనక వరండాలోకి నడిచాను. గచ్చు ఈ చివర నుంచి ఆ చివర దాకా చీలి ఉంది. అందులో చెయ్యి పెడితే మణికట్టు దాకా దిగింది. అక్క అది చూసి స్టవ్ కట్టేసింది. బావ పేపరు పడేసి తాళాల కోసం వెతకసాగాడు.

నేను కిందికి పరిగెత్తాను. టైలర్ మిషను తొక్కుతున్నాడు. అతని భార్య పిల్లలిద్దరికీ అన్నం పెడుతోంది, మంచం మీద అతని తల్లి పడుకుని ఉంది.

"ఇల్లు ఖాళీ చెయ్యండి, గోడ ఆగేలా లేదు."

అతను నవ్వాడు. "ఊరుకోండి సార్. పై ఇల్లు మీ అక్కగారిదేగా! ప్రమాదమే అయితే తోడబుట్టినదాన్ని అక్కడ ఉంచుతారా? మా ఆవిడ భయపడ్డప్పుడల్లా నేను చెప్పేది ఇదే."

మళ్లీ మిషను మొదలుపెట్టాడు. తొమ్మిదేళ్లుగా ఈ ఇంటికి నన్ను చూసుకునే ధైర్యం.

"కొలత తప్పు," అన్నాను. "నేనే తప్పుగా కొలిచాను. అక్కడ అసలు ఇల్లే కట్టకూడదు."

మిషను ఆగింది. అతని భార్య ఎంగిలి చేతులతోనే ఉన్న పిల్లల్ని లాక్కుని వానలోకి వెళ్లిపోయింది. అతను తల్లిని వీపున ఎత్తుకున్నాడు. గుమ్మం దగ్గర నా ఎదుట ఆగాడు.

"తప్పని ఎప్పుడు తెలిసింది సార్?"

ఈ వానల్లోనే అని చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

"కొలిచిన రోజే."