వాలు వాన

విల్సన్ తన ముఖాన్నే నీళ్ళలో ముంచాడు. కంప్యూటర్ తెరమీద ఫొటోలో ముక్కు అలలు అలలుగా కదిలిపోయింది. తనలో తనే నవ్వుకుని, అదే ముఖాన్ని బొగ్గుగీతలుగా మార్చాడు. ఆ తరవాత గరుకు గాజుపలక వెనక పెట్టాడు. స్టూడియో తలుపులు తీశాక మొదటి గిరాకీ వచ్చేదాకా ఆయన రోజూ చేసేది ఇదే.

అరకులో బస్సులు ఆగే చోట ఉన్న ఆ స్టూడియోకి ఇరవై ఏళ్ళపాటు వెనక పరదాల మీద బొమ్మలు వేసింది విల్సనే. హంసలు, పాలరాతి మెట్లు, పగలే వెలిగే చందమామ. రెండువేల మూడులో కంప్యూటర్ వచ్చింది, పరదాలు అటకెక్కాయి. యజమాని అప్పారావు ఆయన్ని విశాఖ పంపి ఫొటోషాప్ నేర్పించాడు. యాభై దాటిన బుర్రకి ఇదేం ఎక్కుతుందని అందరూ అనుకున్నారు. ఫిల్టర్లన్నవి ఉన్నాయని తెలిసిన రోజునుంచి విల్సన్‌కి ఇల్లు గుర్తులేదు. భార్య పోయాక ఆ ఇంట్లో ఎదురుచూసేవాళ్ళూ లేరు.

కిందటి నెలలో ఒక పెళ్ళికొడుకుని నూనెరంగుల బొమ్మలా మార్చి ఇస్తే, పెళ్ళివారు గొడవకొచ్చారు. ఇంకోసారి ఇలాంటి వేషాలేస్తే వేరే మనిషిని చూసుకుంటానని అప్పారావు ఖండితంగా చెప్పాడు. విల్సన్ బుద్ధిగా తలూపాడు. మర్నాడు ఇంకో కొత్త ఫిల్టర్ తెరిచాడు.

ఆ శుక్రవారం సంతలో పసుపు, చీపుళ్ళు అమ్ముకుని సోంబరు, అతని భార్య కనక మధ్యాహ్నానికి లోపలికొచ్చారు. ఇద్దరికీ అరవై దాటాయి. సోంబరు వెదురుగడలా సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. కనక మూడు ముక్కుపుడకలూ తళతళలాడుతున్నాయి. పెళ్ళినాడు ఫొటో తీయించుకోలేదట, ఇప్పుడు కావాలన్నారు. విల్సన్ తీసి, తెరమీద చూపించాడు.

కనక చాలాసేపు చూసింది.

"మా పెళ్ళినాడు వాన బాబూ. ఇందల వాన లేదేటి?"

అప్పారావు భోజనానికి వెళ్ళాడు. విల్సన్ వేళ్ళు ఊరుకోలేదు. ఫొటోమీద తెల్లటి నలుసులు చల్లి, వాటిని ఫిల్టరుతో కిందికి సాగదీశాడు. సన్నగా జల్లు మొదలైంది. సోంబరు తలెత్తి పైకప్పు చూశాడు.

కనకకి నచ్చలేదు. తమ కొండమీద వాన ఇలా తిన్నగా పడదంటూ, అరచేతిని తెరముందు ఏటవాలుగా పట్టింది. విల్సన్ వాలు మార్చాడు. ఇంకొంచెం అంది. ఇంకొంచెం మార్చాడు. వానా, ఆమె చెయ్యీ ఒక్క వాలుకి వచ్చాకే చెయ్యి దించింది. ముఖం సరిగా కనబడటం లేదని విల్సన్ ఆమె చెంపలమీది చారలు తుడవబోయాడు.

"తుడిసీకు బాబూ. ఆయేళ నాను తడిసే ఉన్నాను. ఈ మడిసి గిడుగు పట్టింది నాకు కాదు, డప్పుకి."

అరువు తెచ్చిన డప్పు, తడిస్తే మోగదు, అందుకే ఆ ఆకుల గొడుగు దానికి పట్టానని సోంబరు గొణిగాడు. నలభై ఏళ్ళుగా అతనిదదే జవాబు. ఊళ్ళో ఎవరి పెళ్ళయినా కనక ఈ మాటెత్తేదట, అందరూ నవ్వేవారట, అతనొక్కడూ తప్ప. ఆమె మంచినీళ్ళకని బయటికి వెళ్ళగానే సోంబరు విల్సన్ చెవి దగ్గరికి వంగాడు.

"ఆమె నెత్తిమీద గిడుగెయ్యగలవా?"

గిడుగు వేసే ఫిల్టరు లేదు. ఒకప్పుడు హంసల్ని వేసినట్టే విల్సన్ దాన్ని చేత్తో వేశాడు. ముందు వెదురుపుల్లల అల్లిక, పైన ఒకదానిమీదొకటి అడ్డాకులు. గిడుగు కింద చెంపల తడి మాత్రం అలాగే ఉంచాడు.

కనక తిరిగొచ్చి చూసింది. "ఇన్నాళ్ళకి తెచ్చేవా" అని మొగుడి భుజంమీద ఒక్కటిచ్చి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. సోంబరు కూడా పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. ఆ నవ్వుల్లో అప్పారావు రావడం ఎవరూ చూడలేదు. విల్సన్ గాభరాగా తెరకి అడ్డం కూర్చున్నాడు. అప్పారావు ఆయన్ని పక్కకి జరిపి చూసి, ఇంకో కాపీ పెద్దది తియ్యమన్నాడు, బయట అద్దాలపెట్టెలో పెట్టడానికి.

ఆ సాయంత్రం ఇంటికి పోతూ విల్సన్ ఎదురైన ప్రతివాడికీ అరచెయ్యి వాల్చి కొండవాన ఎలా పడుతుందో చూపించాడు. ఆదివారం ప్రార్థనకి రాలేదేమని పక్కింటి ఫిలిప్పు వెళ్ళి చూస్తే, నిద్రలోనే పోయి ఉన్నాడు.

మరుసటి సంతకి ఫొటో తీసుకెళ్ళడానికి భార్యాభర్తలు వచ్చారు. అప్పారావు ఫొటో చేతికిచ్చి, సంగతి చెప్పాడు. కనక విల్సన్ ఖాళీ కుర్చీకేసి చూసి, ఫొటోని కొంగులో చుట్టుకుంది. సోంబరు తను అల్లి తెచ్చినదాన్ని ఎవరికివ్వాలో తెలియక నిలబడి, చివరికి కుర్చీలో పెట్టి వెళ్ళాడు. విల్సన్ తలకి సరిపోయేంత గిడుగు, ఆకుల పచ్చిదనం ఇంకా ఆరలేదు.