మృత్యుకూపమున విజయదశమి

శరత్కాలసాయంసంధ్యారాగరంజితమైన గగనతలము క్రింద తిరునాళ్ళ బయలునందు నిలువుపలకలతో గుండ్రముగ కట్టబడిన మృత్యుకూపము జనసమ్మర్దముచే క్రిక్కిఱిసి యుండెను. ఆ కూపకుడ్యముపై మోటారుసైకిళ్ళ నడ్డముగ పరుగెత్తించి చూపఱుల గుండెలు ఝల్లుమనిపించు దాలినాయుడును అతని చెల్లెలి మగడగు గవరయ్యయు కూపాధిపత్యమునకై చిరకాలముగ పోరుచు ఆనాటి ఆటలో తేల్చుకొన నిశ్చయించిరి. గోడనుండి ముందుగ దిగినవాడు కూపమును రెండవవానికి విడిచి పోవలెను.

నాడు విజయదశమి. దాలినాయుని చెల్లెలు వరహాలమ్మ ఆయుధపూజకై రెండు బండ్లను కడిగి పసుపుకుంకుమలు పెట్టి తోలు ఆసనములు తళతళలాడునట్లు కొబ్బరినూనెతో తోమి నిమ్మకాయలు కట్టి వెడలెను. తన ఆసనమును నిమిరిన దాలినాయుని చేయి జిడ్డుపై జాఱెను. తోలుదుస్తులు తొడిగి నూనె త్రాగిన తోలుపై కూర్చుండువానికి ఆ గోడమీద పట్టేమి మిగులును? అతడు హారతిపళ్ళెరము చెంతనున్న విభూతిని గుప్పెడు తీసి తన ఆసనముపై చల్లి జిడ్డు విడుచువఱకు రుద్దెను. పిమ్మట గవరయ్య బండివైపు ఒక యడుగు వేసెను. వేసి ఆగి మిగిలిన విభూతిపై పిడికిలి మూసికొని వెనుదిరిగెను.

ఆట మొదలయ్యెను. వాహనద్వయఘోరగర్జనలకు పలకలు కంపింప ఇరువురును గోడ నెక్కిరి. గోడపై ఎగువన తిరుగుచున్న గవరయ్య భార్యకు అన్నయని చూడక కాలు చాచి దాలినాయుని మొగముపై తన్నెను. పెదవి చిట్లి నెత్తురు కాఱుచుండ దాలినాయుడు మోచేత నతని మోకాలిని పొడిచెను. జనులు వెఱ్ఱికేకలు వేసిరి. మఱల తన్నుటకై గవరయ్య మేను త్రిప్పినంతనే తోలుపై తోలు సఱ్ఱున జాఱెను. ఆసనమునుండి ఊడిన ఆ మహాకాయము దాలినాయునిపై బడ ఇరువురును బండ్లతోగూడ కూపగర్భమున కూలిరి. గవరయ్య మెడ విఱిగి ప్రాణము పోయెను. దాలినాయుని తొడయెముక చర్మమును చీల్చుకొని వెలికి వచ్చెను.

ఏడ్చుచు పరుగున వచ్చిన వరహాలమ్మ మగని తలను ఒడినుంచుకొని తన చేతులవంకనే చూచుచు అడిగెను.

"అన్నా, నేను పూసిన నూనెవలననే జాఱెనా?"

కాదనిన ఆమె నమ్మును. ఆ మాట దాలినాయుని నాలుకచివరకు వచ్చెను గాని ఆ చేతులను చూచి పలుకలేకపోయెను.

"నీవెఱుగవు తల్లీ. నేనెఱిగితిని. నా బండిని మాత్రమే తుడుచుకొంటిని."

ఆమె యేడ్పు నిలిచెను. మగని తలను మెల్లగ నేలనుంచి వచ్చి అన్న అరచేతిని విప్పి నెత్తుటితో ముద్దగట్టిన విభూతిని చూచి మఱల వ్రేళ్ళు ముడిచి వెడలిపోయెను. కూపమును గెలిచినవాడు దాని యడుగున ఒంటరిగ పడియుండగ పైన వెనుకవరుసలవారు జరిగినదేమో కానక ఇంకను చప్పట్లు కొట్టుచుండిరి.