తొట్టిలో మిగిలిన గొంతు

శనివారం పొద్దున్నే నేలమాళిగలోకి దిగి పీపాలు నింపుకోవడం మా మోర్వెల్‌లో ఇంటింటా ఉన్న పనే. చెక్క పీపా ఊరికే ఉండదు. వారం తిరిగేసరికి కాస్త తాగేస్తుంది. తగ్గినంత మళ్ళీ పొయ్యాలి, లేదంటే లోపల గాలి చేరి వైన్ పాడైపోతుంది. పోస్తున్నవాళ్ళు ఒక గుక్క రుచి చూడకుండా ఉంటారా? ఉండరు. అందుకే శనివారాల్లో మా వీధుల్లో గొంతులన్నీ తారుమారుగా ఉంటాయి. బారెడు మీసాలున్న పెద్దమనిషి రొట్టెల కొట్టు ముందు నిలబడి సన్నటి ఆడగొంతుతో బేరం చేస్తుంటాడు. కొట్టావిడ విని, "ఓహో, మీ అత్తగారి పీపానా ఇవాళ?" అని రొట్టె చేతిలో పెడుతుంది.

ద్రాక్ష పులిసేటప్పుడు తొక్కలన్నీ పైకి తేలి తొట్టి మీద మందంగా తెట్టు కడతాయి. మనిషి లోపలికి దిగి, దాన్ని కాళ్ళతో, ఒంటితో కిందికి నొక్కాలి. అలా దిగినవాళ్ళ గొంతు వైన్‌లోనే ఉండిపోతుంది. వసంతంలో వైన్ రెండోసారి మెల్లగా కదిలి, పులుపు తగ్గి, నెమ్మదించాక పీపా మారుస్తాం కదా, అప్పటిదాకా ఆ గొంతు తిరిగి రాదు. చలికాలమంతా సైగలతో సరిపెట్టుకోవాలి. ఆ తర్వాత ఆ వైన్ ఎవరు తాగినా, నోట్లో రుచి ఉన్నంతసేపు తొక్కినవాళ్ళ గొంతుతోనే మాట్లాడతారు. మంచి వైన్ ఏదో, నాసిరకం ఏదో మేం తేల్చుకునేదీ దాంతోనే. రంగు చూసి మురిసిపోయేది బయటివాళ్ళు. మింగాక గొంతు ఎంతసేపు నిలిచిందన్నదే మాకు ముఖ్యం.

మా ఊళ్ళో అందరికన్నా పెద్ద గొంతు అన్సెల్మ్ తబూరోది. ఆయన తోటలో నిలబడి "భోజనానికి రండ్రా" అని కేకేస్తే పక్క ఊరివాళ్ళు చేతులు కడుక్కునేవారు. ఆయన వైనూ అంతే. చిక్కగా, నల్లగా, మీద పడి కొట్టినట్టుండేది. లియోన్‌లో ఎవరిదో పెళ్ళి విందులో ఆయన సీసాలు తెరిచారట. పెళ్ళికొడుకు తల్లి ఉప్పు అందివ్వమని అడిగిన మాట కూడా గద్దింపులా వినబడి, రెండువైపులవాళ్ళూ మొహమొహాలు చూసుకున్నారట. ఇంతలో గొంతు దిగిపోయింది కాబట్టి సరిపోయింది. ఆయన గొంతు ఎంత పెద్దగా లేచేదో అంత తొందరగా పోయేది, రెండు ముద్దలు తినేలోపే.

ఆయన కూతురు బెర్తీల్‌ది దూదిలాంటి గొంతు. నలభైకి దగ్గరపడిన మనిషి. పద్దెనిమిదో ఏట నుంచీ చలికాలమంతా తోటలో కొమ్మలు కత్తిరించేది తనే. వేసవిలో ఆకు తుంచి కాయకి గాలి తగిలేలా చేసేదీ తనే. ఆ తోట తప్ప తనకి ఇంకో ధ్యాస లేదని ఊరందరికీ తెలుసు, ఒక్క అన్సెల్మ్‌కి తప్ప.

ఆ ఏడు కోతల ముందు మెట్ల మీద జారి ఆయన తుంటి దెబ్బతింది. ఇరుగుపొరుగుని ఇంటికి పిలిచి భోజనం పెట్టి అందరి ముందూ చెప్పేశాడు. "ఇక నావల్ల కాదు. తోట మా తమ్ముడి కొడుకు రెజీస్ చేస్తాడు. ఈస్టర్ అయ్యాక నోటరీని పిలిపించి వాడి పేర రాయిస్తా. ఈ ఏడు తొట్టిలోకి కూడా వాడే దిగుతాడు. మన వైన్‌కి వాడి గొంతు అలవాటు కావాలిగా!"

బల్ల చివర కూర్చున్న బెర్తీల్ ఏదో అంది. ఆయన అప్పటికే రెజీస్‌తో కొత్త పీపాల సంగతి ఎత్తుకున్నాడు.

పక్కింటి ఫిలిబెర్త్ ముసలమ్మ ఊరుకునే రకం కాదు. "ఏమయ్యా అన్సెల్మ్, పిల్ల ఏదో అంటోంది."

"అననీ. దాని గొంతుతో వైన్ చేస్తే ఇంకేమన్నా ఉందా? తాగినవాణ్ణి చూసి మూగవాడనుకుంటారు!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చెప్పను, ఆయన చెప్పే తీరు అలాంటిది. బెర్తీల్ మాత్రం కంచం వంక చూస్తూ కూర్చుంది. ఆ పిల్లకి ఎంత కష్టంగా ఉందో, చేతిలో రొట్టెముక్క నలిపి నలిపి పిండి చేసేసింది.

రెజీస్ చెడ్డవాడేం కాదు. కాస్త దుడుకు, అంతే. కోతలైపోయిన సంబరంలో ఎవరితోనో పందెం కాసి, సోన్ నదిని ఈదుకుంటూ అటు పోయి ఇటొచ్చాడు. మర్నాటికి ముక్కు కారుతోంది, గొంతు బొంగురు. జలుబు చేసినవాణ్ణి తొట్టిలోకి దించడం మా ఊళ్ళో ఎక్కడా లేదు. ఒకప్పుడు కమ్మరి వాళ్ళింట్లో తొందరపడి దించారు. ఇప్పటికీ ఆ ఏటి సీసా తెరిస్తే పాదిరీగారు కూడా పావుగంటసేపు దగ్గుతారు.

ఆగడానికా వీల్లేదు. తొట్టి వేడెక్కి, తెట్టు పొంగి అంచుదాకా లేచింది. ఊళ్ళో తొక్కేవాళ్ళందరూ ఎవరి తొట్టెల్లో వాళ్ళు దిగిపోయి అప్పటికే మూగగా తిరుగుతున్నారు. ఆ తుంటితో అన్సెల్మ్ దిగలేడు. ఇంట్లో గొంతుండి, దిగగలిగింది ఇక బెర్తీల్ ఒక్కతే.

"సరే, దిగు," అన్నాడు అన్సెల్మ్, తలరాత అన్నట్టు. "ఒక్క ఏడేగా. పోతే పోయింది."

బెర్తీల్ కాళ్ళు కడుక్కుని, పొట్టి లాగు వేసుకుని, నిచ్చెన ఎక్కి లోపలికి దిగింది. ఫిలిబెర్త్ అంచు మీద కొవ్వొత్తి పట్టుకు నిలబడింది. తొట్టిలోంచి లేచే ఆవిరికి మనిషి సొమ్మసిల్లిపోతాడు, కొవ్వొత్తి మసకబారితే పైకి లాగెయ్యాలి. లోపల పైన వెచ్చగా, అడుగున చల్లగా ఉంది. నడుం దాకా ద్రాక్ష. తెట్టు తన కాళ్ళ కింద మెల్లగా విడిపోతుంటే బెర్తీల్ కళ్ళు మూసుకుంది. లోపలినుంచి గుసగుసగా బుడగలు లేస్తున్నాయి. ఒక్కో బుడగా పైకొచ్చి పగిలినప్పుడల్లా తన గొంతు కొంచెం కొంచెంగా అటు వెళ్ళిపోవడం తెలుస్తూనే ఉంది. నొప్పేమీ లేదు. నిద్ర పట్టేముందు మాటలు జారిపోతాయే, అలా ఉంది.

"తొక్కవే! గట్టిగా! రంగు దిగాలి!" పైనుంచి అన్సెల్మ్ కర్రతో నేల మీద కొడుతున్నాడు.

ఆమె గట్టిగా తొక్కలేదు. నిద్రపోతున్న పసివాడి పక్కన నడిచినట్టు తొక్కింది. ఆయన గంటకోసారి దిగమన్నాడు. ఆమె పొద్దునొకసారీ సాయంత్రమొకసారీ దిగింది. పైకి తేలిన గుత్తుల కాడల్ని ఏరెయ్యకుండా సగం అలాగే ఉంచేసింది. ఆయన అరుస్తూనే ఉన్నాడు. జవాబు చెప్పడానికి ఆమెకి గొంతు లేదు. గొంతుంటే "సరే నాన్నా" అనేసేదేమో. లేదు కాబట్టి తనకి తెలిసినట్టు తను చేసుకుపోయింది.

పిండేటప్పుడూ అంతే. పిండే మర చక్రం ఇంకా తిరిగేలా ఉండగానే ఆపేసింది. ఆఖరి చుక్క దాకా పిండితే చేదొస్తుంది. గ్లాసులోకి పట్టి చూస్తే అవతలున్న వేళ్ళు కనబడుతున్నాయి.

"ఇది వైనా, దానిమ్మ కడిగిన నీళ్ళా?" అన్నాడు అన్సెల్మ్.

రెజీస్ ముక్కు తుడుచుకుంటూ కొత్త పీపాలు దొర్లించుకొచ్చాడు. లోపల కాల్చిన చెక్క వాసన ఘాటుగా కొడుతోంది. "అక్కా, ఇవి పెదనాన్న తెమ్మన్నవి." బెర్తీల్ తల అడ్డంగా ఊపి, పాత పీపాలే కడిగి వరసగా పెట్టింది. వాడు అటూ ఇటూ చూసి, కొత్తవాటిని వచ్చినదారినే దొర్లించుకుపోయాడు.

చలికాలం వచ్చింది. పొగమంచు కొండవాలు మీంచి దిగి తోటలన్నీ కప్పేసింది. కొమ్మలు కత్తిరించేవాళ్ళు ఒకరికొకరు కనబడరు. కత్తిరించిన పుల్లల్ని వెంట తోసుకెళ్ళే ఇనప బండిలో అక్కడికక్కడే కాలుస్తారు, ఆ పొగని బట్టి ఎవరెక్కడున్నారో తెలుసుకోవాలి. బెర్తీల్ రోజంతా ఆ తెల్లదనంలో కత్తెర ఆడించి, ఇంటికొచ్చి, నేలమాళిగలోకి దిగి పీపాకి చెవి ఆనించేది. లోపల తన గొంతే. మాటలు కావు, ఊరికే కూనిరాగం. వింటూ వింటూ అక్కడే చాలాసేపు కూర్చునేది. పైన తండ్రి ఒక్కడే మాట్లాడుకుంటూ ఉండేవాడు. నోటరీకి ఏం చెప్పాలో, రెజీస్‌కి ఏ గది ఇవ్వాలో అన్నీ పైకే అనేవాడు కాబట్టి ఆమెకి అన్నీ తెలుస్తూనే ఉన్నాయి. ఈస్టర్ దగ్గరపడుతున్నకొద్దీ ఆమెకి తిండి సహించడం మానేసింది.

వసంతంలో కత్తిరించిన కొమ్మల కొసలు నీరు కార్చాయి. పీపాలో కదలిక మొదలై, కొన్నాళ్ళకి ఆగింది. పీపా మార్చేముందు ఇంటిపెద్ద మొదటి గుక్క తాగాలి, ఇరుగుపొరుగు చూడాలి. ఆ పని పొద్దున్న, నోటరీ మధ్యాహ్నం, రెండూ ఒకే రోజు పెట్టుకున్నాడు అన్సెల్మ్. ఫిలిబెర్త్ జున్ను వేసి కాల్చిన బూరెల్లాంటి రొట్టెలు తెచ్చింది. రెజీస్ కొత్త చొక్కా వేసుకొచ్చాడు.

బెర్తీల్ గాజు గొట్టంతో వైన్ తీసి, తండ్రి చేతిలో ఉన్న వెండి గిన్నెలోకి వదిలింది. ఆయన మూతి విరుస్తూనే తాగాడు. చెర్రీపండు, ఆ వెనక ఎండిన గులాబీ, ఆ వెనక వాన వెలిసిన తోట. నోట్లో బరువే లేదు. మింగాడు. అప్పుడు అందరికీ చెబుదామని ముందే సిద్ధం చేసుకున్న మాట అందుకున్నాడు.

"బెర్తీల్‌కి తోట చెయ్యడం చేతకాదు. దానికంత గొంతు లేదు..."

అంతా ముందుకు వంగారు. అంత మెత్తగా వచ్చింది మాట. అంత మెత్తగా వచ్చినా ఒక్కక్షరం కూడా పోలేదు, నేలమాళిగ చివర నిలబడ్డ నాకూ వినబడింది. అన్సెల్మ్ ఆగిపోయాడు. తన కూతురే నిలబడి తన గురించి అలా చెప్పుకుంటున్నట్టు వినబడిందాయనకి. చెయ్యి పైకెత్తి, ఆగండి, పోనివ్వండి అని సైగ చేశాడు.

ఆగాం. రొట్టెలు అయిపోయాయి. ఆయన నీళ్ళు పుక్కిలించాడు. ఘాటు జున్ను పెద్ద ముక్క తిన్నాడు. "ఇప్పుడు?" అని చూశాడు. ఇంకా బెర్తీల్ గొంతే.

రెజీస్ తనూ ఒక గుక్క తాగాడు. "నాదైతే ఈపాటికి ఎప్పుడో పోయేది, పెదనాన్నా," అన్నాడు, వాడూ ఆ గొంతుతోనే. అని, గిన్నె తిరిగి పెదనాన్న చేతిలో పెట్టేశాడు.

మధ్యాహ్నం నోటరీగారు వచ్చి, వంటింటి బల్ల మీద కాగితాలు పరిచి, కళ్ళజోడు తుడుచుకుని అడిగాడు. "ఊఁ, తోట ఎవరు చేస్తారని రాయమంటారు?"

అన్సెల్మ్ నోరు తెరిచాడు. "రె..." అన్నాడు. నోట్లో కూతురి గొంతు ఇంకా పోలేదు. ఆ గొంతుతో ఆ పేరు చెబితే, బెర్తీల్ తన చేతులతో తనే తోట తీసి ఇచ్చినట్టవుతుంది. నోరు మూసుకున్నాడు. పొయ్యి పక్కన నిలబడ్డ కూతురి వంక చూశాడు. పీపా ఇంకా మార్చలేదు కాబట్టి ఆమెకి మాట రాలేదు.

"ఇది ఎప్పుడూ ఇలాగే మాట్లాడేదా?" అని మెల్లగా అడిగాడు, ఫిలిబెర్త్‌ని.

"ఎప్పుడూ ఇలాగే. నీ పక్కనే కూర్చుని."

ముసలాయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఏమన్నావే ఆరోజు? కోతల ముందు, భోజనాల దగ్గర ఏదో అన్నావుగా."

బెర్తీల్ చెప్పలేకపోయింది. గొంతు ఆయన దగ్గరే ఉంది. తండ్రి మొహంలోకి చూస్తూ, ఆరోజు అన్న మాటలకే మళ్ళీ పెదవులు కదిపింది. ఆయన ఆ పెదవుల్లోంచి ఒక్కో మాటా పోల్చుకున్నాడు. రెజీస్ కుర్చీ వెనక్కి జరిపి, టోపీ చేతిలోకి తీసుకుని తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

అన్సెల్మ్ నోటరీ వైపు తిరిగాడు. "ఈ తోట నాకు ప్రాణమండీ," అన్నాడు కూతురి గొంతుతో. "ఇన్నేళ్ళూ నేనే చేశాను. ఇకమీదట కూడా నేనే చేస్తాను."

నోటరీగారు మా ప్రాంతం మనిషే. కలం సిరాలో ముంచుతూ, తలెత్తకుండానే అడిగాడు. "ఎవరి గొంతండీ ఇది?"

"మా అమ్మాయిది."

"అయితే ఆ పేరే రాస్తున్నాను," అని రాయడం మొదలుపెట్టాడు.