శనివారం తేదీ వేసిన ఉత్తరం

సినిమా నటుడు డెల్ హార్లన్ శుక్రవారం సాయంత్రం పోయాడు. కొత్తగా కొన్న రేసు కారు, ఖాళీ రోడ్డు, ఎదురుగా ఉల్లిపాయల లారీ. ఇరవై నాలుగేళ్లు నిండీ నిండని కుర్రాడు! మంగళవారం పొద్దున స్టూడియోలోని ఉత్తరాల గదిలో కూర్చున్న వెర్నా ఇంకా పని మొదలుపెట్టలేదు. బల్ల మీద అతని ఫొటోలు గుట్టగా పడి ఉన్నాయి. అన్నింటి మీదా అతని సంతకమే. అన్నీ ఆమె పెట్టినవే.

ఆ గదిలో వాళ్లకు ఇదేమీ దొంగతనం కాదు. వారానికి నాలుగు వేల ఉత్తరాలొస్తే ఆ నటుడు నటిస్తాడా, సంతకాలు పెడుతూ కూర్చుంటాడా? తండ్రి మీద తిరగబడి ఇల్లొదిలిపోయే కుర్రాడిగా డెల్ వేసిన సినిమా వసంతంలో వచ్చింది. అప్పటి నుంచీ దేశంలోని పదహారేళ్ల పిల్లలంతా తమ గోడు అతనికే వెళ్లబోసుకుంటున్నారు. వాళ్లందరికీ డెల్ అంటే ఎవరు? నలభై ఆరేళ్ల మనిషి, మొగుడు పోయి, మోకాళ్ల నొప్పులతో మూలిగే ఈ వెర్నా. నవ్వొస్తుంది గానీ నిజం.

పదకొండింటికి గది పెద్ద క్రాండల్ ఆమెను లోపలికి పిలిచాడు. అక్కడొక పిల్ల నిలబడి ఉంది. పేరు జోనీ, బేకర్స్‌ఫీల్డ్ అనే ఊరి నుంచి తొలి బస్సులో వచ్చిందట. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది.

"ఆయన చచ్చిపోలేదు సార్! శుక్రవారం పోయాడన్నారుగా? మరి శనివారం నాకు ఉత్తరమెలా రాశాడు? ఇదిగో తేదీ! నాలుగింటికి పేపరు వాళ్లు రమ్మన్నారు, అందరికీ చూపిస్తా."

వెర్నా ఆ చేతిరాత గుర్తుపట్టింది. ఆ ఉత్తరం ఆమెదే. ఆ గదిలో ఏ ఫొటో మీద సంతకం పెట్టినా మర్నాటి తేదీయే వేస్తారు, ఎందుకంటే టపా వెళ్లేది మర్నాడు పొద్దున. పదకొండేళ్ల అలవాటు. శుక్రవారం మధ్యాహ్నం, డెల్ ఇంకా బతికుండగా, ఆమె చెయ్యి దానంతటదే శనివారమని రాసేసింది. అయ్యో, ఎంత పని జరిగింది!

అసలు ఫొటోలు పంపడమే తప్ప ఉత్తరాలు రాయకూడదని గట్టి ఆజ్ఞ. కానీ ఈ పిల్ల మంగళవారం ఇల్లొదిలి పారిపోతున్నానని రాస్తే మనసు ఊరుకోలేదు. "వద్దు. సినిమాలో నేను ఇల్లొదిలిన రోజు నాకు స్టూడియోలో వేడి భోజనం ఉంది, పడుకోవడానికి గది ఉంది. నీకవి ఉండవు" అని రాసింది. కింద డెల్ సంతకం.

క్రాండల్ ఉత్తరాన్ని బల్ల మీద పడేశాడు. "ఇది మాది కాదు. నువ్వే రాసుకుని డెల్ సంతకం కాపీ కొట్టావు. గేటు దగ్గర పోలీసున్నాడు, పిలవమంటావా?"

పిల్ల ఒక అడుగు ముందుకేసింది. "నేనా? ఒట్టు సార్, నేను కాదు! ఆయన వద్దన్నాడనే కదా సర్దుకున్న సంచీ విప్పేశా! ఆయన్ని ఒక్కసారి చూసి సాయంత్రానికి ఇంటికి పోతా."

"ఏం వెర్నా, ఇది మన గదిలోంచి పోయిందా?" అన్నాడు క్రాండల్, కనుబొమలెగరేస్తూ. కాదంటే చాలు. ఉద్యోగం నిలుస్తుంది. పిల్ల పోలీసుల పాలవుతుంది.

ఛీ, ఇదీ ఒక బతుకేనా అనుకుంది వెర్నా. క్రాండల్ కలం లాక్కుని, తెల్ల కాగితం మీద డెల్ సంతకం పెట్టింది, చివర కిందకు జారే గీతతో సహా. కాగితాన్ని పిల్ల ముందుకు తోసింది.

"నేనే రాశాను తల్లీ. తేదీ కూడా నా పొరపాటే."

"నీ సామాను సర్దుకో!" అని అరిచాడు క్రాండల్. ఆ మాట ఎవరూ వినిపించుకోలేదు.

జోనీ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసింది. కళ్లలో నీళ్లు లేవు. మొహంలో రక్తం చుక్క లేదు.

"ఇల్లొదలొద్దన్నది మీరా?"

"నేనే."

"ఆయన నాకేమీ రాయలేదా?"

"నీ ఉత్తరం ఆయన చూడను కూడా లేదమ్మా."

పిల్ల తనకొచ్చిన ఉత్తరాన్ని మడిచి పెట్టింది. ఆ తర్వాత ఎంతో నెమ్మదిగా అడిగింది. "అయితే... నిజంగానే చచ్చిపోయాడా?"

నాలుగు రోజులుగా దేశమంతా అరిచి చెప్పినా ఈ పిల్ల చెవికెక్కని మాట. ఇప్పుడు ఎక్కింది. వెర్నా అవునని తలూపింది. కలం ఇంకా చేతిలోనే ఉంది. జోనీ కేక పెట్టి ఆమె మీదకు ఒరిగిపోయింది.